తాగకుండానే తూలిన మనిషి

మా కాలనీల్లో నన్ను డాక్టరమ్మ అన్నవాళ్లు లేరు, సిస్టరమ్మ అన్నవాళ్లూ తక్కువే. "గుంజుడు మేడం" అనేవాళ్లు. పట్టేసిన భుజాలనూ బిగుసుకుపోయిన మోకాళ్లనూ గుంజి దారికి తేవడమే నా పని గనక ఆ బిరుదు న్యాయమైనదే. గోదావరిఖనిలో, బొగ్గుగని కార్మికుల దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా ముప్పై ఏళ్లు గుంజి, పోయిన ఏడాది రిటైరయ్యాను. సన్మానసభలో నేను రోగులను దేవుళ్లలా చూసుకున్నానని అన్నారు. మైకు దొరికినవాళ్లు ఏదో ఒకటి అనాలి కదా. దేవుళ్లలా చూసుకోవడం సంగతి పక్కన పెట్టండి, కొందరిని మనుషుల్లా చూడటం కూడా నాకు ఆలస్యంగానే వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను బాగుచేసిన కేసుల గురించి రాయను. వాటి గురించి బంధువుల పెళ్లిళ్లలో నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. చెడగొట్టబోయిన ఒక కేసు గురించి రాస్తాను.

ఐదుకు ఐదు

మా నాయన మందమర్రి గనిలో టబ్బుల్లో బొగ్గు నింపిన మనిషి. ఇంట్లో ఎవరికి ఏ రోగమొచ్చినా ఆయన వైద్యం ఒకటే. "లేచి నిలబడు" అనేవాడు. నిలబడితే రోగం లేనట్టు, పడిపోతే ఉన్నట్టు. నేను నాలుగేళ్లు పట్నంలో చదివి వచ్చి అదే వైద్యం మొదలుపెట్టాను. కాకపోతే మార్కులు వేసేదాన్ని. కండరాల బలానికి మా చదువులో సున్నా నుంచి ఐదు దాకా మార్కులుంటాయి. చెయ్యి లేపమంటాం, మనం కిందికి నొక్కుతాం, అవతలివాడు ఆపగలిగితే ఐదు. చీటీ మీద "ఐదుకు ఐదు" అని రాస్తే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. డాక్టర్లు సంతోషిస్తారు, క్లర్కులు సంతోషిస్తారు. రోగి సంగతి వేరు.

బొగ్గు ప్రాంతంలో బలానికి ఉన్న మర్యాద మరి దేనికీ లేదు. బరువెత్తేవాడు మొగోడు, ఎత్తలేనివాడు కామ్‌చోర్, పనిదొంగ. ఎత్తినదాన్ని అనుకున్నచోట దించగలడా అన్న ప్రశ్న ఎవరూ వేయరు. నేనూ వేయలేదు.

రెండు అనుమానాలు

జులై వానల్లో ఒకరోజు పెద్ద డాక్టరు గారు తన గదికి రమ్మన్నారు. ఆయన మా దవాఖానకు పెద్ద తలకాయ. మంచి చదువు, చక్కటి ఇంగ్లీషు, ఒకసారి అన్న మాటను మళ్లీ వెనక్కి తీసుకోవడం పరువు తక్కువ అనుకునే స్వభావం. ఆయన గదిలో ఒక మనిషి గోడకు భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. పేరు కొమురయ్య, వయసు నలభై ఎనిమిది. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. డంపర్ అంటే రెండంతస్తుల ఇల్లంత బండి. దాన్ని ఇరవై ఏళ్లు ఒక్క గీత పడకుండా నడిపినవాడు, ఆ పొద్దున షిఫ్టులో దారి పక్కన పోసిన మట్టికట్టను రాసుకుంటూ పోయి, ఇంకో మూరెడు జరిగితే లోయలో పడేట్టు ఆపాడు. కిందికి దిగి తూలాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఇక చెప్పేదేముంది, తాగి డ్యూటీకొచ్చాడని గనివాళ్లు రాశారు.

"నేను తాగలే సారు. కొమురెల్లి మల్లన్న మీద ఒట్టు," అన్నాడు కొమురయ్య. అంటూ ఒట్టు వేయడానికి తల మీదికి చెయ్యి తీసుకుపోతే అది చెవి మీద పడింది.

పెద్ద డాక్టరు గారు నావైపు చూసి నవ్వారు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలన్నట్టు. ఊపిరి ఊది తాగిందీ లేనిదీ చెప్పే మిషను మా దగ్గర ఉండేది. బీరువాలో భద్రంగా ఉండేది. బ్యాటరీలు లేకపోవడం వల్ల అది ఎవరి మీదా ఎప్పుడూ చెడు మాట చెప్పలేదు.

"ఒకసారి బలం చూసి రాసివ్వండి," అన్నారు.

తాగాడన్నది ఆయన అనుమానం. నాది అంతకంటే తెలివైనది. మా దగ్గర కార్మికుడు రోగంతో పనికి పనికిరాడని తేలితే ఇంట్లో పిల్లలకు ఆ ఉద్యోగం దక్కే అవకాశం ఉండేది. దాంతో నడుము నొప్పులు, కంటిచూపు మందగింపులు పండుగల్లా వచ్చిపోయేవి. కుంటుతూ లోపలికొచ్చి, బయట షేర్ ఆటో కదులుతుంటే పరిగెత్తి ఎక్కినవాళ్లను నేను కిటికీలోంచి చూశాను. కాబట్టి నన్నెవరూ మోసం చేయలేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లను మోసం చేయడానికి వేరే మనుషులు అక్కర్లేదు, వాళ్లే చాలు.

నా గదిలో కొమురయ్య చేతులు నొక్కాను, కాళ్లు నొక్కాను. గట్టివాడు. ఐదుకు ఐదు. తర్వాత నా వేలు ఎదురుగా పెట్టి, "నీ ముక్కు ముట్టుకొని నా వేలు ముట్టుకో," అన్నాను. అతని వేలు నా వేలు దాకా వస్తూ వస్తూ వణికింది, దాటి అటు పోయింది, వెనక్కి వస్తూ మళ్లీ ఇటు దాటింది. అటూ ఇటూ నాలుగుసార్లు ఊగి తగిలింది.

"కొమురన్నా, సక్కగ చెయ్యి."

"సక్కగనే చేస్తున్న మేడం."

"ఇంత బలం వెట్టుకొని వేలు ముట్టుకోవస్తలేదా?"

అతను చెమట తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం కూడా సరిగ్గా కుదరలేదు. నేను చీటీ రాశాను. "బలం పూర్తిగా ఉంది. పరీక్షకు సహకరించడం లేదు. నటిస్తున్నట్టు అనుమానం." కింద చక్కగా సంతకం పెట్టాను.

ఆ చీటీ చేసిన పని ఏమిటో చెప్తాను. శరీరంలో లోపం లేదని తేలింది కాబట్టి తాగాడన్న నేరం ఖాయమైంది. చార్జిషీటు ఇచ్చారు. విచారణలో తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. పెద్దమనుషులు దయతలచి క్షమిస్తే మళ్లీ డంపర్ ఎక్కుతాడు. నా చీటీ అతన్ని అటు వీధిలోకి, లేదంటే ఇటు లోయలోకి తోసేటట్టు తయారైంది.

సమ్మక్క వేసిన లెక్క

నాలుగో రోజు అతని భార్య సమ్మక్క వచ్చింది. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. బల్ల ముందు నిలబడి అడిగింది.

"మేడం, తాగినోనికి తెల్లారేవరకు దిగుతదా లేదా?"

"దిగుతది."

"మరి ఈయనకు రెండు నెలల సంది దిగుతలేదేంది?"

మా దవాఖానలో ఉన్న చదువంతా కలిపినా ఆ ప్రశ్న పుట్టలేదు. కూర్చోమన్నాను. అప్పుడు మొత్తం చెప్పింది.

"మే నెలల మా తల్లిగారింటికాడ పెంకలు మార్చాలని లీవు వెట్టి పోయిండు. పొద్దందాక ఎండల ఇంటి మీదనే ఉన్నడు. దిగు బావా అంటే దిగలే. సాయంత్రం పడిపోయిండు. పెయ్యి పెనం లెక్క కాలింది. కరీంనగర్‌ల ఓ దవాఖానల ఐసుగడ్డల మధ్యల పండవెట్టిండ్రు. నాలుగొద్దులు సోయి లేదు. బతికిండు గని నడక గిట్లయింది, మాట గిట్లయింది. లీవు అయిపోయి మొన్ననే మళ్ల బండెక్కిండు."

"గిది ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తె బండి దించుతరని ఆయన భయం. మూడు షిఫ్టులూ ఆ బండి మీదనే పానం ఆయనకు." మళ్లీ తనే అంది, "అయినా మీరు అడుగలే గదా మేడం."

అడగలేదు. చేతులు నొక్కాను, కాళ్లు నొక్కాను, ఏమైందని అడగలేదు. ముప్పై ఏళ్లలో నన్ను ఎందరో బూతులు తిట్టారు. ఆ ఒక్క మాటే తగిలింది.

ఆమె మాట్లాడుతుండగా కిటికీలోంచి చూశాను. బయట చాయ్ బండి దగ్గర కొమురయ్య ఉన్నాడు. చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాక నడుం వంచి, గ్లాసును చేత్తో ముట్టుకోకుండా, దూడ కుడితి తాగినట్టు నోటితోనే తాగాడు. నటించేవాడు నలుగురూ చూసేటప్పుడు వణుకుతాడు. ఇతను నలుగురూ చూడకుండా దాచుకుంటున్నాడు.

బలమున్నా దారి తప్పే చెయ్యి

చదువుకున్నది ఆ మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. మీరైనా ముందే గుర్తుంచుకోండి.

తల వెనకాల, మెడకు పైన, పిడికిలంత చిన్నమెదడు ఉంటుంది. అది బరువులెత్తదు. కండరాలకు ఆజ్ఞ ఇవ్వడం పెద్దమెదడు పని. ఆ ఆజ్ఞ నకలు ఒకటి చిన్నమెదడుకు చేరుతుంది. చెయ్యి నిజంగా ఎటు పోతోందన్న కబురూ దానికే వస్తుంది. అనుకున్నదానికీ అవుతున్నదానికీ తేడా ఎంతో అది పట్టుకుంటుంది, దారిలోనే సవరిస్తుంది, మళ్లీసారి ఆ తప్పు తగ్గేలా పాఠం దాచుకుంటుంది. మనకు తెలియనే తెలియదు. చాయ్ గ్లాసు పెదవి దగ్గరే ఆగుతుంది, పళ్లకు తగలదు. మనం దానికి ఎప్పుడూ థాంక్స్ చెప్పం.

అది దెబ్బతింటే బలం పోదు. అందుకే నా ఐదు మార్కులు ఐదుగానే ఉన్నాయి. పోయేది సవరణ. చెయ్యి గురి దాటుతుంది, వెనక్కొస్తూ మళ్లీ దాటుతుంది. ఒళ్లు విపరీతంగా వేడెక్కితే ఆ చిన్నమెదడులోని పెద్ద కణాలు ముందుగా చచ్చిపోతాయి. మన వైపు మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పాలా? ఇక సారా పోయి మత్తెక్కించేది కూడా ఆ చోటునే. అందుకే రెండు నడకలూ ఒక్కలాగే ఉంటాయి. పెద్ద డాక్టరు గారు చూసింది తాగినవాడి నడకనే, అందులో అబద్ధం లేదు. తాగినవాడిలా నడవడానికీ తాగి నడవడానికీ మధ్య ఉన్న తేడా కనిపెట్టడానికే మనకు జీతాలిస్తారు.

ఈ సంగతి ఆయనకు చెప్పాను. "మరి మీరే కదా నటన అని రాశారు," అన్నారు. తన అభిప్రాయం మార్చుకోకపోవడానికి నా అభిప్రాయం అడ్డం పెట్టుకున్నారు.

పట్టకపు అద్దాలు

మా కాలేజీలో ఒక ముసలి మాస్టారు మాకు సరదాకు ఒక ఆట చూపించారు. దాన్నే నమ్ముకున్నాను. మెల్లకన్ను పరీక్షించే పట్టకాలు కంటి విభాగంలో ఉంటే అడిగి తెచ్చి, ఖాళీ కళ్లజోడుకు టేపు వేసి అతికించాను. అవి పెట్టుకుంటే లోకమంతా జానెడు కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. గోడ మీద చాక్‌పీసుతో వృత్తం గీశాను. కాళ్లకు కట్టే చిన్న ఇసుక సంచులు విసరడానికి పెట్టాను.

పెద్ద డాక్టరు గారిని పిలిచాను. ఆయన వెంట కొమురయ్య ఫైలు పట్టుకుని సత్తయ్య వచ్చాడు. సత్తయ్య మా ఆఫీసు క్లర్కు, రూలు పుస్తకం నోటికొచ్చినవాడు.

"సార్, ముందు మీరు విసరండి," అన్నాను.

"నేనా? నాకేం రోగం?"

"రోగం లేనివాళ్లు ఎలా విసురుతారో తెలియాలి కదా సార్."

ఆ మాట నచ్చింది. అద్దాలు పెట్టుకుని విసిరారు. సంచి వృత్తానికి జానెడు కుడిగా తగిలింది. రెండోది కొంచెం దగ్గరకు, మూడోది ఇంకా దగ్గరకు. పదోది నట్టనడుమ పడింది. ఆయన ముఖం వెలిగింది. "చాలు సార్, ఇప్పుడు అద్దాలు తీసి విసరండి," అన్నాను. తీసి, నిబ్బరంగా విసిరారు. సంచి వృత్తం వదిలి ఎడమకు పోయి, అక్కడ ఫైలు పట్టుకుని నిలబడ్డ సత్తయ్య భుజానికి తగిలింది.

"అయ్యయ్యో సారు!" అన్నాడు సత్తయ్య.

అదే జరగాలి. కుడికి పోతున్న తప్పును చిన్నమెదడు గమనించి, చేతిని ఎడమకు సవరించి పెట్టింది. అద్దాలు తీసినా ఆ సవరణ కాసేపు ఉండిపోయింది, అందుకే ఎడమకు పోయింది. నాకు తెలిసినంతలో పెద్ద డాక్టరు గారి శరీరంలో తప్పును పదిసార్లలో ఒప్పుకున్న భాగం అదొక్కటే.

తర్వాత కొమురయ్య. ముందు అద్దాలు లేకుండా విసిరాడు. సంచులు వృత్తం చుట్టూ చెల్లాచెదురుగా పడ్డాయి. అద్దాలు పెట్టాక అన్నీ కుడికి జరిగాయి. పది విసిరాడు, కుడికే. ఇరవై విసిరాడు, కుడికే. ప్రతిసారీ తనే చెప్పాడు.

"పక్కకు వోయింది మేడం."

"చూసి వెయ్యి కొమురన్నా."

"చూస్తనే ఉన్న. పక్కకు వోతున్నదని నాకు తెలుస్తనే ఉన్నది. ఈ చెయ్యికే తెలుస్తలేదు."

ముప్పై అయ్యాక అద్దాలు తీశాను. అతను విసిరాడు. ఎడమకు పోలేదు. మొదట్లో పడ్డట్టే వృత్తం చుట్టూ చెదురుమదురుగా పడ్డాయి. అతని చెయ్యి ముప్పైసార్లలో ఏమీ నేర్చుకోలేదు.

"సార్, నటించేవాడికి గురి తప్పాలని తెలుస్తుంది. అద్దాలు తీశాక ఎటు తప్పాలో, ఎటు తప్పకూడదో ఎవరు చెప్తారు? మీకే తెలియలేదు కదా," అన్నాను.

ఆయన కాసేపు గోడను చూశారు, సత్తయ్య భుజాన్ని చూశారు. "తాగితే కూడా ఇట్లాగే అవుతుందేమో," అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే, ఒప్పుకుంటాను. అందుకు కొమురయ్యను వారం పాటు వార్డులోనే ఉంచాం. అక్కడ ఇడ్లీ తప్ప మరో మత్తు పదార్థం దొరకదు. వారం తర్వాత మళ్లీ విసిరించాను. ఏమీ మారలేదు. సమ్మక్క లెక్క సరిపోయింది. అప్పుడు హైదరాబాద్ పంపి స్కానింగ్ తీయిస్తే చిన్నమెదడు ముడుచుకుపోయి ఉంది.

చార్జిషీటు రద్దయింది. "ఈ రోగిలో నాడీ సంబంధమైన లోపాన్ని నేను మొదటినుంచీ అనుమానించాను" అని పెద్ద డాక్టరు గారు పైకి రాశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. మనిషి బయటపడ్డాడు, పేరు ఎవరిదైతేనేం అనుకునేంత గొప్పదాన్నేం కాదు, రెండు రోజులు ఉడికిపోయాను. కానీ ఆ ఫైలులో నా పాత చీటీ కూడా అలాగే ఉంది. దాన్ని చించేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. "తీసేద్దామా మేడం?" అని సత్తయ్య మర్యాదగా అడిగాడు కూడా. వద్దన్నాను. ఇంకో కాగితం మీద "నా మొదటి అభిప్రాయం తప్పు. నేను రోగిని ఏమైందని అడగలేదు," అని రాసి దానికే కుట్టించాను. ఆ తర్వాత ప్రతి రోగినీ ముందు ఏమైందని అడిగాను. గొప్ప శాస్త్రజ్ఞానమేమీ కాదు. రెండు నిమిషాలు పడుతుంది.

సంతకం

కొమురయ్య బాగుపడలేదు. మీరు పుస్తకాల్లో చదివే "గణనీయమైన మెరుగుదల" కూడా రాలేదు. రోజూ నా దగ్గరికి వచ్చేవాడు. కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, మలుపు తిరిగేముందు ఆగడం, మణికట్టుకు చిన్న బరువు కట్టుకుని గ్లాసు పట్టుకోవడం నేర్పాను. ఒంటికి రానిదాన్ని కళ్లతో, బుద్ధితో చేయాలి. మనం ఊరికే చేసే ప్రతి పనికీ అతను ఆలోచించాలి. సాయంత్రానికి అలిసిపోయేవాడు. డంపర్ ఇక లేదని చెప్పింది కూడా నేనే. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, "ఇగ ఏం నడుపుత మేడం, నన్ను నేనే నడుపుకోవాలె," అని బల్ల ఎక్కి కూర్చున్నాడు.

పనిముట్ల గదిలో కూర్చునే డ్యూటీ ఇచ్చారు. ఆ కాగితం తీసుకోవడానికి ఆఫీసుకు రమ్మంటే సమ్మక్కతో కలిసి వచ్చాడు, నన్నూ రమ్మన్నాడు. సత్తయ్య కాగితం ముందుకు జరిపాడు. కొమురయ్య సంతకం పెట్టాడు. అక్షరాలు గీత దిగి, ఎక్కి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

సత్తయ్య రిజిస్టరు తెరిచి చూశాడు. ఉద్యోగంలో చేరినప్పుడు కొమురయ్య పెట్టిన సంతకం అందులో ఉంది. "కలుస్తలేదు కాక," అన్నాడు, చిన్నాయనను పిలిచినట్టు.

ఇతని చెయ్యి గురికి పోదని స్కానింగుతో సహా రుజువు చేసిన ఫైలు ఆ బల్ల మీదే ఉంది. ఆ ఫైలులోని కాగితం అందుకోవడానికి సంతకం గురిగా పెట్టమంటున్నారు. నేను నోరు తెరవబోయాను.

"ఏలుముద్ర ఎయ్యి కాక, అయిపోతది. రూలున్నది," అన్నాడు సత్తయ్య. నిజానికి దయతోనే అన్నాడు.

కొమురయ్య ముఖం మారింది. "నేను పదో తరగతి పాసైన. మా నాయన ఏలుముద్రగాడు. నేను ఎయ్య."

తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. మోచెయ్యి బల్లకు ఆనించాడు, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. మొదటిది కాగితం దాటింది. రెండోదానికి కలం చిల్లు పొడిచింది. సమ్మక్క అతని చెయ్యి పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకోలేదు, కొంగు మాత్రం నలుపుతూ ఉంది. ఐదోది, ఆరోది. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, చూసి, మళ్లీ మొదలుపెట్టాడు. తొమ్మిదోసారి ఆఖరి "య్య" దాకా పోయి కలం పెట్టేశాడు. చదవొచ్చు. అంతే. పాతదానితో మాత్రం ఎక్కడా కలవదు.

సత్తయ్య ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రిజిస్టరులో పాత సంతకం మీద స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీశాడు. కొమురయ్య రాసిన తొమ్మిదో సంతకాన్ని కత్తెరతో కత్తిరించి, గమ్ము పూసి, దాని కింద అతికించి, ఆఫీసు ముద్ర కొట్టాడు. ఈ పనికి రూలు ఎక్కడుందని నేను అడగలేదు.

కొమురయ్య వంగి రిజిస్టరులోకి చూశాడు. "ఇగ నా పేరు గిట్లనే ఉంటదా?" అన్నాడు.

"గిదే నీ సంతకం కాక. ఇగ నిన్ను ఎవడన్న కలుస్తలేదంటే నా దగ్గరికి పంపు," అన్నాడు సత్తయ్య.